చిన్న కారు, ఎదురుగాలి, మైలేజీ: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల టింకరింగు, బాడీ పనులు చేసే షెడ్డు నాది. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటినప్పటి నుంచి, ఫోనులో ఏదో వీడియో చూపించి గ్రిల్లు మూసేయమనీ, కారు కింద షీటు బిగించమనీ, డిక్కీ మీద రెక్క పెట్టమనీ అడిగేవారు తరచుగా వస్తున్నారు. గాలి నిరోధం తగ్గితే పెట్రోలు మిగులుతుందన్న వారి నమ్మకం సరైనదే. అది ఏ వేగంలో మిగులుతుంది, కారులో ఏ భాగం దగ్గర మిగులుతుంది అన్న రెండు విషయాల్లోనే చాలామంది పొరపాటు పడుతున్నారు.

అపోహ: గాలి నిరోధం తగ్గిస్తే ఊళ్లో తిరిగినా మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: సుమారు 900 కిలోల బరువు, రెండు చదరపు మీటర్ల ముందు వైశాల్యం, 0.35 నిరోధ గుణకం (ఆకారాన్ని బట్టి గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) ఉన్న చిన్న కారును లెక్కకు తీసుకుందాం. మన ఎండల్లో గాలి సాంద్రత ఘనమీటరుకు 1.15 కిలోలు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి ఆ కారును సుమారు 5 కిలోల బరువంత బలంతో వెనక్కి నెడుతుంది. వేగం రెట్టింపై 80కి చేరితే ఆ బలం నాలుగింతలై 20 కిలోలవుతుంది. 100 దగ్గర 31 కిలోలు దాటుతుంది. టైర్లు దొర్లడానికి అయ్యే నిరోధం మాత్రం ఏ వేగంలోనైనా దాదాపు 11 కిలోల దగ్గరే ఉంటుంది. అంటే ఇలాంటి కారులో గాలిది పైచేయి అయ్యేది 60 దాటిన తర్వాతే. బెంజ్ సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా సిగ్నళ్ల మధ్య ఆగుతూ కదులుతూ వెళ్లే కారులో పెట్రోలును తినేది బ్రేకు, బరువు, క్లచ్చు. అక్కడ ఏ రెక్కా ఏమీ చేయలేదు. రోజూ జాతీయ రహదారి మీద గుంటూరు వెళ్లి వచ్చేవారికైతే ఈ విషయం పట్టించుకోదగ్గదే.

అపోహ: ముందు భాగం సూదిగా ఉంటే చాలు, కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది.

వాస్తవం: అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ ఇదే. ఇప్పటి కార్ల ముందు భాగాన్ని కంపెనీలు తగినంత గుండ్రంగానే తయారు చేస్తున్నాయి. అసలు నష్టం వెనక ఉంది. పైకప్పు మీదుగా వచ్చిన గాలి డిక్కీ దగ్గర కారును ఒక్కసారిగా వదిలేసినప్పుడు అక్కడ సుడులు పుట్టి, పీడనం తగ్గి, కారును వెనక్కి లాగుతాయి. ఇది కళ్లారా చూడాలని ఒక ఆదివారం తెల్లవారుజామున నా హ్యాచ్‌బ్యాక్‌కు (డిక్కీ విడిగా పొడుచుకు రాకుండా వెనక తలుపు నిటారుగా దిగే కారు) జానెడు లోపు ఊలు దారాల ముక్కలను మాస్కింగ్ టేపుతో వరుసలుగా అంటించాను. మంగళగిరి వైపు 70 వేగంతో నేను నడుపుతుంటే, మా తమ్ముడు పక్క కారులో కూర్చుని వీడియో తీశాడు. పైకప్పు మీది దారాలు దువ్విన జుట్టులా వెనక్కి పడుకుని ఉన్నాయి. పైకప్పు అంచు దాటి వెనక అద్దం మీదికి వచ్చేసరికి దారాలు గిరగిరా తిరుగుతున్నాయి; కొన్నయితే తిరగబడి పైకి, కారు వెళ్తున్న వైపుకే చూస్తున్నాయి. హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దానికి త్వరగా దుమ్ము పట్టడానికీ, దానికి ప్రత్యేకంగా వైపరు పెట్టడానికీ కారణం ఈ సుడులే.

1930లలో జర్మన్ ఇంజనీరు వునిబాల్డ్ కామ్ దీనికి ఆచరణలో పెట్టదగిన మార్గం చూపాడు. చేపలాంటి పొడవాటి తోక అవసరం లేదనీ, కారు వెనక భాగాన్ని మెల్లగా సన్నబరుస్తూ తెచ్చి మధ్యలో తెగగొట్టినా ఎక్కువ ప్రయోజనం దక్కుతుందనీ ఆయన పని వల్ల తేలింది. ఆ వాలు పది, పదిహేను డిగ్రీల లోపు ఉండాలి. అంతకంటే నిటారుగా దింపితే గాలి అంటిపెట్టుకోకుండా విడిపోతుంది. ఇలాంటి తోకను ఇంట్లో అట్టతో, ప్లాస్టిక్ షీటుతో చేసి ఫలితం పొందినవారు విదేశాల్లో ఉన్నారు. మన దగ్గర మాత్రం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కారు పొడవు పెంచే తోకను బిగించమంటే నేను ఒప్పుకోను.

పైకప్పు చివర వరుసగా అంటించే చిన్న ప్లాస్టిక్ రెక్కల గురించి కూడా అడుగుతున్నారు. డిక్కీ విడిగా ఉండి, వెనక అద్దం ఏటవాలుగా దిగే సెడాన్ల మీద వాటికి కొంత పని ఉంటుంది. పదునైన అంచు దగ్గర గాలి ఎలాగూ విడిపోయే హ్యాచ్‌బ్యాక్ మీద అవి అలంకారమే.

అపోహ: గ్రిల్లు మూసేస్తే ఖర్చు లేకుండా మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: చలిదేశాల్లో ఇది పనిచేస్తుంది. రేడియేటరు గుండా పోయే గాలి తగ్గడం వల్ల నిరోధం తగ్గుతుంది, ఇంజను కూడా త్వరగా వేడెక్కుతుంది. కొన్ని కార్లలో కంపెనీలే ఉష్ణోగ్రతను బట్టి తెరుచుకుని మూసుకునే తలుపులను గ్రిల్లు వెనక పెడుతున్నాయి. ఇంట్లో అంటించిన షీటుకు అలా తెరుచుకోవడం తెలియదు. గుంటూరు నుంచి రోజూ వచ్చే ఒక యువకుడు డిసెంబరులో డబుల్ టేపుతో గ్రిల్లు మొత్తం మూశాడు. మార్చిలో నా దగ్గరికి వచ్చి, “మేస్త్రిగారూ, మైలేజీ బాగానే ఉంది గానీ ఏసీ చల్లగా రావట్లేదు” అన్నాడు. షీటు తీసేయమని చెప్పాను; తీయలేదు. మే నెలలో కాజ టోల్‌గేటు వరుసలో ఏసీ వేసుకుని నిలబడి ఉండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. మా షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చేసరికి షీటు ఎండకు, వేడికి ఉబ్బి వంకర తిరిగింది, కూలెంటు పొంగిపోయింది, ఇంజను పై భాగం అతుకు దగ్గర లీకు కాకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్టు పోయింది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు రేడియేటరు ముందే ఉంటుందనీ, బండి ఆగినప్పుడు ఫ్యాను గాలిని లాగేది ఆ గ్రిల్లు లోంచేననీ అతనికి అప్పుడు చూపించాను. 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో గ్రిల్లు జోలికి వెళ్లవద్దు.

అపోహ: కారు కింద ఏ షీటు బిగించినా లాభమే.

వాస్తవం: కారు అడుగు నున్నగా ఉంటే నిరోధం తగ్గుతుందన్నది నిజం. కానీ సైలెన్సరు గొట్టానికీ, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరుకూ దగ్గరగా ప్లాస్టిక్ షీటు బిగిస్తే కరుగుతుంది. దాని మీద ఆయిలు కారి నిలిస్తే అంటుకుంటుంది. అంతకంటే ముందు చూడవలసింది మరొకటి ఉంది. ఇంజను కింద కంపెనీ ఇచ్చిన కవరు ఎన్నో కార్లలో స్పీడు బ్రేకర్లకు తగిలి, క్లిప్పులు ఊడి వేలాడుతుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన కార్లలో నేను చూసిన కొన్నిటికి అది పూర్తిగా పోయింది. ఊడిన కవరును కొత్త క్లిప్పులతో తిరిగి బిగించడమే నా ఉద్దేశంలో ఉత్తమమైన మార్పు. దానికి చట్టంతో పేచీ కూడా లేదు.

అపోహ: పైకప్పు మీది ఖాళీ క్యారియరు వల్ల నష్టం లేదు.

వాస్తవం: ఉంది. ఖాళీ క్యారియరు అడ్డ కమ్మీలు కూడా గాలిని చెదరగొడతాయి. దాని మీద పెద్ద పెట్టె పెడితే హైవే మీద మైలేజీ పది శాతానికి పైగా పడిపోవచ్చు. తిరుపతి ప్రయాణం కాగానే విప్పేయాలి.

అపోహ: లారీ వెనక అంటుకుని వెళ్తే పెట్రోలు ఆదా.

వాస్తవం: ఆదా అవుతుంది, ప్రాణానికి ముప్పు. 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందున్న లారీ ఆగిందని మీ కాలికి తెలిసేలోపే ఆ దూరం అయిపోతుంది.

అపోహ: ఒక ట్యాంకు కొట్టించి చూస్తే ఫలితం తెలుస్తుంది.

వాస్తవం: మన పనుల వల్ల వచ్చే తేడా మూడు, నాలుగు శాతం దగ్గర ఉంటుంది. ఎదురుగాలి, ట్రాఫిక్, మన కాలి బరువు కలిసి అంతకంటే ఎక్కువ తేడా తెస్తాయి. కాబట్టి టైర్లలో గాలి సరిచూసుకుని, ఒకే బంకులో ఒకే పంపు దగ్గర మొదటిసారి ఆటోకట్ అయ్యే దాకా నింపి, ఒకే వేగంతో వెళ్లి వచ్చే రెండు వైపులూ కలిపి లెక్కించాలి. ముందు మార్పు లేకుండా, తర్వాత మార్పుతో, చివరికి దాన్ని తీసేసి మళ్లీ కొలవాలి. మూడోసారి మైలేజీ మొదటి అంకె దగ్గరికి తిరిగి వస్తేనే మధ్యలో కనిపించిన లాభం మీరు బిగించిన దానిది. ఆ మూడో కొలత తీసినవారు నా దగ్గరికి వచ్చినవారిలో ఇప్పటికి ఇద్దరే ఉన్నారు.