అక్కడ రోజంతా ఏం చేసేవారని అడిగారుగా

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద చాప పరిచి నన్ను మధ్యలో కూర్చోబెట్టి, "అమ్మమ్మా, పద్దెనిమిది నెలలు ఆఫ్రికాలో రోజంతా ఏం చేసేవారు?" అని అడిగారు. నేనేదో మొదలుపెట్టేలోపు కింద అరిసెలు దింపుతున్నారని అందరూ లేచి పరుగెత్తారు. సగంలో వదిలిన కబురు నాకు నిద్ర పట్టనివ్వదు. అందుకే రాస్తున్నా. మీ సండే స్కూలు స్నేహితులకి కూడా చదివి వినిపించండి.

ముందు మీలో చిన్నది అడిగిన ప్రశ్న. "అక్కడ వాళ్ళందర్నీ క్రైస్తవుల్ని చేసేశారా?" అంది. అమ్మా, మేమున్న మలావీ దేశంలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇప్పటికే క్రైస్తవులు. స్కాట్లండు మిషనరీలు 1870ల్లోనే అక్కడ అడుగు పెట్టారు, మేమున్న బ్లాంటైర్ ఊరి పేరే మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన స్కాట్లండు ఊరిది. ఆదివారం ఆరాధన మూడు గంటలు. కానుకలు వేయడానికి ఆడుతూ పాడుతూ వరసలుగా వెళ్తారు. వాళ్ళకి మేము నేర్పే భక్తి ఏముంది!

మరి ఎందుకు వెళ్ళారంటారా? రిటైరైనవాళ్ళకి రెండు ఉంటాయి, పెన్షనూ తీరికా. మా మిషన్‌లో సీనియర్ కపుల్ అంటే అదే. విమానం టికెట్టు మనదే, తిండి ఖర్చు మనదే, వాళ్ళిచ్చేది ఉండటానికి రెండు గదులు. కుర్ర మిషనరీల్లాగా ఊళ్ళు తిరగక్కర్లేదు, చేతనైన పని చెయ్యాలి. మా పెళ్ళినాటి నుంచీ మీ తాతయ్యకి ఒకటే మాట. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో సహా ఓడెక్కి ఈ దేశం వచ్చారు, మన నరసాపురం, పాలకొల్లు చర్చిలు వాళ్ళ కష్టమే, మనం ఆ బాకీ ఎప్పుడు తీరుస్తాం అని. ఆయన రిటైరయ్యాక ఇక నాకు తప్పించుకునే దారి లేకపోయింది. 2022 అక్టోబరులో బయల్దేరాం, 2024 ఏప్రిల్‌లో వచ్చేశాం.

నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశానని మీకు తెలుసు. అక్కడికి వెళ్ళగానే సూది పట్టుకుని సేవ చేసేస్తాననుకున్నా. మొదటి రోజే చెప్పారు, ఆ దేశపు రిజిస్ట్రేషన్ లేకుండా పేషెంటు మీద చెయ్యి వెయ్యకూడదని. న్యాయమే. కానీ ఉక్రోషం వచ్చింది. మిషన్ వాళ్ళ హెల్త్ సెంటర్లో నాకిచ్చిన పని స్టోరు. మాత్రల డబ్బాలు లెక్కపెట్టడం, గడువు దాటినవి వేరు చెయ్యడం, దూది ఉండలు చుట్టడం. ట్రైనింగులో చేరిన మొదటి నెలలో చేసిన పనికే మళ్ళీ చేరాను, అరవై మూడేళ్ళకి.

తాతయ్య సంగతి ఇంకా బాగుంటుంది. లాకుల దగ్గర ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా బతుకంతా నీళ్ళతోనే గడిపిన మనిషి కదా, పల్లెల్లో బోరింగులు బాగుచేస్తానని పనిముట్ల పెట్టె మోసుకుని వచ్చారు. అక్కడ ఎక్కువగా ఉండేవి అఫ్రిదేవ్ అనే పంపులు. మన ఇండియా మార్క్-2 బోరింగు పాడైతే మూడు కాళ్ళ స్టాండు కావాలి, నలుగురు మగాళ్ళు కావాలి, గొట్టాలన్నీ పైకి లాగాలి. దీనికి అదేం అక్కర్లేదు, ఒక్క స్పానరు చాలు, గొట్టం కదపకుండా లోపలి కడ్డీలు పైకి తీసి అరిగిన రబ్బరు సీలు మార్చేసుకోవచ్చు. పల్లె వాళ్ళే బాగుచేసుకునేలా తయారుచేసిన పంపు అది. మొదటి ఊళ్ళో ఈయన పెట్టె తెరిచేలోపే కమిటీలో ఉన్న ఆడవాళ్ళు, ఒకావిడ వీపున పిల్లాణ్ణి కట్టుకుని మరీ, పంపు విప్పి సీలు మార్చి మళ్ళీ బిగించేశారు. ఈయన పక్కన నిలబడి స్పానరు అందించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత పకపకా నవ్వారు. చివరికి ఆయనకి దొరికిన పని ఏమిటంటే బజారుకెళ్ళి సీళ్ళు కొనుక్కొచ్చి ఏ ఊరికి ఎన్ని ఇచ్చామో పుస్తకంలో రాయడం. ఆ పుస్తకం మాత్రం బ్రహ్మాండంగా రాశారు.

అంటే ఇద్దరం స్టోరు కీపర్లమే.

పొద్దున్న లేచాక మొదటి టెన్షన్ కరెంటు. ఆ దేశానికి కరెంటు చాలావరకు షిరే నది మీద నుంచే. 2022 జనవరిలో తుఫాను వరదకి ఆ నది మీదున్న కపిచిరా పవర్ స్టేషన్ దెబ్బతింది, మేము వెళ్ళేసరికి ఇంకా బాగవలేదు. ఉన్నప్పుడే నీళ్ళు పట్టుకో, ఉన్నప్పుడే వండుకో. తర్వాత నడక. హెల్త్ సెంటరు అర కిలోమీటరే, కానీ ముప్పావు గంట పట్టేది. ఎదురైన ప్రతి మనిషినీ పలకరించాలి మరి. "ములి బ్వాంజీ?" అంటే ఎలా ఉన్నారు అని, బాగున్నానని చెప్పి తిరిగి వాళ్ళనీ అడగాలి. అడక్కుండా పోతే అమర్యాద. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్ళ చిచెవా భాషలోనూ పెద్దవాళ్ళకి బహువచనం. తాతనైనా మామ్మనైనా "అగోగో" అంటారు. రెండో వారానికే వీధిలో పిల్లలంతా మమ్మల్ని అగోగో అని పిలవడం మొదలుపెట్టారు. ఎవరింటికైనా వెళ్తే తలుపు కొట్టరు, బయట నిలబడి "ఓడీ!" అని కేకేస్తారు. మన పల్లెల్లో "ఏమండోయ్, ఎవరున్నారు లోపల?" అన్నట్టు.

వాళ్ళ మాటల్లో నాకు బాగా నచ్చింది "పెపానీ". క్షమించండి అనే అర్థం. కానీ తప్పు తమది కాకపోయినా అంటారు. నా కాలికి రాయి తగిలితే రోడ్డు అవతలున్న మనిషి "పెపానీ" అంటాడు. మన అయ్యయ్యో లాంటిదే. మనం ఈమధ్య అయ్యయ్యో అనడం తగ్గించేశాం కదూ.

తిండి గురించి అడగకుండా ఉండరని తెలుసు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే ఎన్‌సిమా, మన సంకటి లాగా, చేత్తోనే తింటారు, తినేముందు ఇంటివాళ్ళు చేతుల మీద నీళ్ళు పోస్తారు. స్వర్ణ బియ్యం తిని పెరిగిన ప్రాణాలు, మొదట్లో కడుపు నిండినట్టే ఉండేది కాదు. ఉసిపా అని సరస్సులో దొరికే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతారు. అవి చూడగానే నాకు నరసాపురం సంతలో ఎండు నెత్తళ్ళు గుర్తొచ్చి, వంకాయతో కలిపి వండేశాను, వాసనకి పక్కింటావిడ "ఓడీ" అంటూ గిన్నెతో సహా వచ్చింది. ఆవకాయ మాత్రం అభాసు పాలైంది. అక్టోబరు, నవంబరుల్లో మామిడికాయలు వీధివీధినా ఉంటాయి. బ్లాంటైర్‌లోనే ఉన్న లింబే పేటలో గుజరాతీ కొట్లో ఆవాలు దొరికాయి. నువ్వుల నూనె దొరకలేదు, పొద్దుతిరుగుడు నూనె పోశాను. పదో రోజుకి బూజు. నూనె తక్కువైందని తాతయ్య, కాయలు తడి తుడవలేదని నేను (తుడవాల్సింది ఆయనే).

అసలు మా ఇద్దరికీ కష్టమైంది అదే, రోజంతా ఒకరి ఎదురుగా ఒకరం ఉండటం. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన తెల్లారకముందే లాకులకి పోయేవారు, నాకేమో నైట్ డ్యూటీలు. రెండు గదుల్లో, భాష రాని ఊళ్ళో, దెబ్బలాడుకుని పుట్టింటికి పోదామన్నా సముద్రం అడ్డం. మీకు రాత్రి 9 గంటలైతే మాకు సాయంత్రం అయిదున్నర, ఆ టైముకి మీ వీడియో కాల్ వస్తుందని చాలా గొడవలు అయిదుంపావుకల్లా ఆపేసేవాళ్ళం.

2023 మొదట్లో కలరా. దేశం మొత్తం మీద 1,700 మందికి పైగా పోయారు. అప్పుడు స్టోరు పనికి విలువొచ్చింది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ ఒక్క పూట అయిపోతే ప్రాణం మీదికొస్తుంది. అది తగ్గకముందే మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను. ఆస్ట్రేలియా పక్కన పుట్టి అయిదు వారాలు సముద్రాల మీద తిరిగిందట. 12, 13 తారీకుల్లో బ్లాంటైర్ మీద పడింది. 1996 నవంబరు 6 రాత్రి నేను కోనసీమలో మా పుట్టింట్లో ఉన్నాను, గాలికి కొబ్బరిచెట్లు విరిగిపడే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, కాబట్టి తుఫానంటే నాకు తెలుసనే అనుకున్నా. మనకి నీళ్ళొస్తాయి, గాలొస్తుంది. అక్కడ కొండ వచ్చింది. బ్లాంటైర్‌లోని చిలోబ్వే పేటలో నిద్రపోతున్న ఇళ్ళ మీదికి బురదా బండలూ కలిసి దిగాయి. చనిపోయినవాళ్ళూ, కనిపించకుండా పోయినవాళ్ళూ కలిపి దేశంలో వెయ్యి దాటారు.

బడులన్నీ క్యాంపులయ్యాయి. మూడు వారాలు ఒక బడిలో నా పని లికుని ఫలా కలపడం. మొక్కజొన్న, సోయా పిండి జావ. ఒకరోజు జావ చింది చెయ్యి కాలింది, పెద్దదేం కాదు, ఇప్పుడు మచ్చ కూడా లేదు. గిన్నె పట్టుకుని వరసలో ఉన్న ఒకావిడ, ఇల్లు పోయింది, ఇంటాయన ఇంకా దొరకలేదు, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "పెపానీ అగోగో" అంది. నాకు నోట మాట రాలేదు. తిరిగి అదే మాట ఆవిడకి చెప్పాలని తోచేసరికి వరస ముందుకు జరిగిపోయింది.

ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. 2023 నవంబరులో అక్కడి డబ్బు విలువ తగ్గించారు. డాలరు 1,180 క్వాచాలుండేది, ఒక్కసారిగా 1,700 అయింది. మా పెన్షను రూపాయల్లో కదా, మాకు ఒక్క రోజులో డబ్బు పెరిగింది. టమాటాలమ్మే ఆవిడకి మాత్రం నూనె, పంచదార కొనలేనంతయ్యాయి. సేవకొచ్చినవాళ్ళం మేము, ఏ పనీ చెయ్యకుండా లాభపడింది కూడా మేమే. తాతయ్య ఆ నెల నుంచి బేరం ఆడటం మానేశారు. దాంతో ఏం సరిపోతుంది? సరిపోదని ఆయనకీ తెలుసు.

వచ్చేముందు పంపు కమిటీ ఆడవాళ్ళు తాతయ్యకి అరిగిపోయిన రబ్బరు సీలు ఒకటి దారానికి గుచ్చి మెళ్ళో వేశారు. మన షోకేసులో నా నర్సింగ్ సర్టిఫికెట్ పక్కన వేలాడుతోందే, గేదె మెడలోది అనుకుని మీరు నవ్వారే, అదే. ఈసారి వచ్చినప్పుడు ఎన్‌సిమా చేసిపెడతాం, మిల్లులో తెల్ల జొన్నపిండి ఆడించమని చెప్పాను, మొక్కజొన్నే అని రెండుసార్లు చెప్పాను. కలిపేది తాతయ్య. ఉండలు కడితే నవ్వకండి, పెపానీ అనండి.

మీ
అమ్మమ్మ