నెయిల్ పాలిష్ సీసాలకు చెక్క స్టాండ్: మనవలకు అమ్మమ్మ ఉత్తరం

ముషీరాబాద్,
హైదరాబాద్

పిల్లలూ,

మీరు పంపిన ఫోటో చూశాను. మీ అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ మీద నెయిల్ పాలిష్ సీసాలు, అత్తరు బుడ్లు, రోల్ ఆన్‌లు, ఏవేవో సీరమ్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉన్నాయి. ఒకటి తీస్తే నాలుగు పడేలా ఉన్నాయి. వాటికి మీ చేతులతోనే చెక్క స్టాండ్ చేస్తామన్నారు, సంతోషం. ఏ చెక్క కొనాలో చెప్పమని అడిగారు కానీ, ఆ సంగతి తర్వాత. ముందు సీసాలు కొలవండి. బజార్లో దొరికే స్టాండ్లతో గొడవంతా అక్కడే. వాళ్లు ముందు స్టాండ్ చేసేస్తారు, అందులో పట్టే సీసాలు మనం వెతుక్కోవాలి.

ఒక తెల్లకాగితం తీసుకొని దాని మీద సీసాలన్నీ నిలబెట్టండి. చిన్నోడు స్కేలుతో ఎత్తులు కొలవాలి, పెద్దది రాసుకోవాలి. ఎత్తంటే మూతతో సహా. నెయిల్ పాలిష్ సీసాకి మూతే సగం ఉంటుంది. లావు కొలవడానికి సన్నని కాగితం పట్టీ సీసా చుట్టూ చుట్టి, అంచులు కలిసిన చోట గీత పెట్టి, పట్టీని చాపి కొలవండి. వచ్చిన దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 9.4 సెం.మీ. ఉంటే లావు 3 సెం.మీ. అన్నమాట. కొన్ని సీసాలు అడుగున సన్నగా ఉండి భుజాల దగ్గర ఉబ్బుతాయి. ఎక్కడ లావుగా ఉంటే అక్కడే చుట్టండి. చదరపు సీసాలకు పట్టీ పనికిరాదు, నేరుగా స్కేలు పెట్టేయండి.

ఇప్పుడు లెక్క. మనం చేసేది గోడకి తగిలించే, నాలుగు అరల స్టాండ్. మీ దగ్గరున్న అతి పొడుగు సీసా 8 సెం.మీ. అనుకుందాం. అరకీ అరకీ మధ్య సరిగ్గా 8 వదిలితే సీసా లోపలికి పోదు, పోయినా బయటికి రాదు. మూత పట్టుకొని, కాస్త పైకెత్తి, అర ముందు అతికించే అడ్డుపట్టీ దాటించి తీయాలి కదా. అందుకని ఇంకో 3 సెం.మీ. కలిపి 11 వదలండి. లోతు 5 చాలు. ఎక్కువ లోతు పెడితే రెండు వరసలు పెట్టాలనిపిస్తుంది, వెనక వరసలో ఏముందో ఏడాదికోసారి తప్ప ఎవరూ చూడరు. వెడల్పు లోపలి కొలత 40 సెం.మీ. పెట్టుకోండి. సీసాకి 3.5 చొప్పున వేసుకుంటే ఒక్కో అరలో 11 పడతాయి. నాలుగు అరలకి 44. మీ అమ్మ దగ్గర అన్ని లేవంటారేమో, స్టాండ్ వచ్చాక ఉంటాయి.

ముక్కల లెక్క చూడండి. 12 మి.మీ. ప్లైవుడ్ అనుకుంటే, పక్క పలకలు రెండు, ఒక్కోటి 50 సెం.మీ. అడ్డ పలకలు ఐదు, ఒక్కోటి 40. ఐదు పలకల మందం కలిపితే 6 సెం.మీ., నాలుగు అరల ఎత్తు 44, మొత్తం 50. సరిపోయిందా? అన్నీ 5 సెం.మీ. వెడల్పువే. అంటే మనకి కావాల్సింది 5 సెం.మీ. పట్టీ, మొత్తం 3 మీటర్లు. రంపం కోసిన ప్రతిచోటా రెండు మి.మీ. దాకా పొట్టు అయిపోతుంది కాబట్టి కొంచెం ఎక్కువే తీసుకోండి.

దుకాణంలో సెంటీమీటర్లంటే కొందరు మొహం చూస్తారు. హైదరాబాద్ మిస్త్రీలది సూత్ లెక్క. అంగుళానికి ఎనిమిది సూత్‌లు, అంటే ఒక సూత్ 3 మి.మీ. పైన చిల్లర. 12 మి.మీ. ప్లైవుడ్‌ని నాలుగు సూత్ అంటే చాలు, ఇంకేం అడక్కుండా తీసి ఇస్తాడు. మీ ముత్తాత వడ్రంగం చేసిన మనిషి. ఆయన టేపు తీయకుండా వేలితో తడిమి మూడు సూతో నాలుగు సూతో చెప్పేవారు.

సరే, చెక్క. ప్లైవుడ్డే ఎందుకంటున్నానంటే, దాంట్లో పల్చని పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అతికించి ఉంటాయి. మామూలు చెక్క వానాకాలం తేమకి నారకి, అంటే చెక్కలో పొడుగ్గా కనబడే గీతలకి, అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ప్లైవుడ్‌లో ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. గదిలో పెట్టే స్టాండ్‌కి కమర్షియల్ రకం సరిపోతుంది. వాష్ బేసిన్ పక్కన తగిలిస్తామంటే మాత్రం ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది అడగండి, అది నీళ్లకి ఓర్చుకుంటుంది. టేకు అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ మొదటిసారి రంపం పట్టే పిల్లల చేతికి టేకు ఇవ్వను.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ఊరికే దొరుకుతుంది కదా అని చిన్నోడు అడిగాడు. వాడొచ్చు, కానీ ముద్ర చూడాలి. వేరే దేశాలకి పోయే, అక్కడి నుంచి వచ్చే చెక్క పెట్టెల మీద గోధుమ కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని అరగంట తగిలించి పురుగు చంపారని. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. అలాంటిది ఇంట్లోకి తేవద్దు. ముద్రే లేనిది కూడా వద్దు.

ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు. మా ముషీరాబాద్ వైపు టింబర్ డిపోల్లోనూ, ప్లైవుడ్ దుకాణాల్లోనూ మిగిలిన తునకలు అమ్ముతారు. అక్కడే మిషన్ మీద పట్టీలు కోయించుకోండి. ఆ మిషన్ జోలికి మీరు పోవద్దు. ఇంట్లో అడ్డకోతలు మాత్రం చేతిరంపంతో మీరే కోసుకోవచ్చు. మేకులు, స్క్రూలు రాణిగంజ్‌లో దొరకనివి ఉండవు. పాత సుత్తి, మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే పాత మూలమట్టం కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకి మీ నాన్నతో వెళ్లండి. మూలమట్టం కొనేముందు ఒక గోడ మూలలో పెట్టి చూసుకోండి అని చెప్పేదాన్నే, కానీ మన అపార్ట్‌మెంట్లలో గోడ మూలలే తిన్నగా ఉండవు. నోటుపుస్తకం మూల పట్టుకెళ్లండి.

కోసేటప్పుడు గీత మీద కోయకండి, గీతకి బయటివైపు కోయండి. పొడుగైతే ఉప్పు కాగితంతో రాచి తగ్గించుకోవచ్చు, పొట్టిదైతే చేసేదేమీ లేదు. ఐదు అడ్డ పలకలూ కోశాక పక్కపక్కన నిలబెట్టి పైన చేత్తో నిమిరి చూడండి. ఏది మిట్టగా తగిలితే దాన్ని ఉప్పు కాగితంతో రుద్దాలి. ఐదూ ఒకే పొడుగు ఉండటం ముఖ్యం. 40 కాక 39.8 వచ్చినా ఫరవాలేదు, ఐదూ 39.8 అయితే చాలు.

జిగురు పెట్టకముందు ముక్కలన్నీ నేల మీద ఒకసారి పేర్చి చూడండి. పక్క పలకలు రెండిటినీ ఆనించి పడుకోబెట్టి, అరలు వచ్చే చోట రెండిటి మీదా ఒకేసారి గీతలు గీయండి. విడివిడిగా గీస్తే అరలు వాలుతాయి, సీసాలన్నీ ఒక మూలకి చేరతాయి. తర్వాత ఫెవికాల్ పల్చగా రాసి, మేకులు కొట్టండి. అంగుళంపావు సన్నమేకులు. ప్లైవుడ్ అంచులోకి మేకు నేరుగా కొడితే పొరలు విచ్చుకుంటాయి, అందుకని మేకు కన్నా సన్నని డ్రిల్ బిట్‌తో ముందుగా చిన్న బెజ్జం వేయించండి. ఇంకో సంగతి మీ ముత్తాత దగ్గర చూసింది: మేకుని తలకిందులుగా పెట్టి మొనని సుత్తితో ఒక్కటి తట్టి మొద్దుబార్చేవారు. వాడి మొన చెక్కని చీలుస్తుంది, మొద్దు మొన నారని నలగ్గొట్టుకుంటూ దిగుతుంది. చెక్క పగలదు.

చట్రం నిలబడగానే మూలలు తిన్నగా ఉన్నాయో లేదో చూడాలి. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ పక్క నుంచి ఈ పక్కకి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే చట్రం తిన్నగా ఉన్నట్టే. మన కొలతల్లో బయటి వెడల్పు 42.4, ఎత్తు 50 కాబట్టి కర్ణం 65.5 సెం.మీ. దాకా రావాలి. పెద్దదానికి పైథాగరస్ వచ్చు కదా, నిజమో కాదో లెక్క వేసి చూడు తల్లీ. ఒక కర్ణం ఎక్కువుంటే ఆ రెండు మూలల్నీ చేతులతో మెల్లగా నొక్కండి, జిగురు ఆరకముందు మాట వింటుంది. అప్పుడే వెనక 4 మి.మీ. పల్చటి ప్లై కొట్టేస్తే ఇక కదలదు. ఒక రోజంతా అలా వదిలేయండి. ఆత్రపడి సీసాలు పెట్టొద్దు.

ప్రతి అర ముందూ ఒకటిన్నర సెం.మీ. ఎత్తు బీడింగ్, అంటే సన్న చెక్క పట్టీ, అతికించండి. అంతకన్నా ఎత్తుంటే రంగు కనబడదు, తక్కువుంటే తలుపు ధడాలున వేసినప్పుడల్లా సీసా దూకుతుంది.

ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆ తర్వాత 220. ఎప్పుడూ నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి పాలిష్ వేశాక ఇంకా బాగా కనబడతాయి. ముక్కుకి మాస్క్ కట్టుకోండి, ప్లైవుడ్ పొట్టులో జిగురు కూడా ఉంటుంది.

పాలిష్ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఈ స్టాండ్ మీద పెట్టేవే చెక్క పాలిష్‌కి శత్రువులు. పాతకాలపు పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల మీద రాళ్లు పొదిగేది లక్కలోనే, ఆ గాజులకి 2024లో జి.ఐ. గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. స్పిరిట్‌లో కరిగింది మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది. స్ప్రే సెంటుల్లో ఉండేది ఆల్కహాలే, కాబట్టి రెండు చుక్కలు పడితే మరక ఖాయం. అత్తరులో స్పిరిట్ ఉండదు, అది నూనె. లక్కని కరిగించదు కానీ పాలిష్ లేని పచ్చి చెక్క మీద పడితే పీల్చుకుని నల్లమచ్చ అవుతుంది, ఆ వాసన ఏళ్ల తరబడి పోదు. (ఖస్, అంటే వట్టివేళ్ల అత్తరైతే పోకపోయినా ఫరవాలేదు.) నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ అన్నిటికన్నా మొండిది. పెయింట్‌ని లేపేస్తుంది, అక్రిలిక్ స్టాండ్లని మసకబారుస్తుంది. అందుకని నా మాట ఇది: స్టాండ్‌కి పి.యు. (పాలీయురేథేన్) పాలిష్ రెండు పూతలు వేయించండి, అరల అడుగున సన్‌మైకా (నున్నటి లామినేట్ రేకు) ముక్కలు అతికించండి, రిమూవర్ సీసాని మాత్రం ఈ స్టాండ్ మీదకి ఎక్కనివ్వకండి. దాని చోటు కింద, పింగాణీ సాసర్‌లో.

అత్తరు బుడ్లు ఈ అరల్లో నిలబడవు. చిన్నవి, తేలిక, చెయ్యి తగిలితే పడతాయి. వాటికి వేరే ఏర్పాటు చేద్దాం. పత్తర్‌గట్టీ, చార్మినార్ దుకాణాల్లో అత్తరు ఇప్పటికీ తులాల్లో అడుగుతారు. తులం అంటే 11.66 గ్రాములు. అమ్మ దగ్గర తులం సీసాలు కొన్ని, అరతులం, పావు తులం బుడ్లు కొన్ని ఉంటాయి. రెండు సెం.మీ. మందం చెక్క ముక్కలో బుడ్డి కన్నా 2 మి.మీ. ఎక్కువ వెడల్పుతో, 12 మి.మీ. లోతుతో గుంటలు వేయించండి. గుంటకీ గుంటకీ మధ్య మీ వేలు దూరాలి. లోతు తెలియడానికి డ్రిల్ బిట్‌కి 12 మి.మీ. దగ్గర రంగు టేపు చుట్టండి. టేపు చెక్కని తాకగానే ఆపాలి. డ్రిల్ మీ నాన్న పట్టుకుంటారు. చెక్కని బల్లకి క్లాంప్‌తో బిగించండి, చేత్తో పట్టుకోవడం అస్సలు కుదరదు. పెద్దదానా, జుట్టు ముడేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు. ఈ చెక్కని పై అరలో పెట్టేయవచ్చు. బుడ్లు పొట్టివి కాబట్టి గుంటలో ఉన్నా పైన ఖాళీ మిగులుతుంది, అయినా ముందు పెట్టి చూసుకోండి.

ఎక్కడ తగిలించాలి? కిటికీకి ఎదురుగోడ వద్దు. ఎండ పడితే నెయిల్ పాలిష్ రంగు మారుతుంది, అత్తరు వాసన చెడుతుంది. హైదరాబాద్‌లో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి సీసాల్లో ద్రావకం ఆవిరై పాలిష్ చిక్కబడుతుంది. ఆ ద్రావకానికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. అందుకని పూజగది పక్కనా వద్దు, స్టవ్ పక్కనా వద్దు. సీసాలు నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే మెడలోకి రంగు చేరి గడ్డకట్టి మూత రాదు. అడుగున రంగు పేరుకుంటే అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. ఊపితే బుడగలొస్తాయి. లోపల టకటకమనే చిన్న స్టీలు గుండ్లు వేసేది పేరుకున్న రంగు కలవడానికే.

తగిలించేముందు వంటింటి త్రాసు మీద అన్ని సీసాలూ కలిపి బరువు చూడండి. రెండు స్క్రూలు చాలవచ్చు, నేనైతే నాలుగు వేస్తాను. ఇటుక గోడకి 6 మి.మీ. బెజ్జం, ప్లాస్టిక్ ప్లగ్, దాంట్లో స్క్రూ. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి గోడలు కూడా కాంక్రీటువే, వాటికి మామూలు డ్రిల్ దిగదు, హ్యామర్ డ్రిల్ కావాలి. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం బెజ్జం వేయొద్దు, లోపల వైర్లుంటాయి.

మీది అద్దె ఇల్లు కదా, ఓనరు గోడకి మేకు కొట్టనిస్తాడో లేదో ముందే అడగమనండి. ఒప్పుకోకపోతే ఈ స్టాండ్ వద్దు. 50 ఎత్తు, 5 లోతు ఉన్నది బల్ల మీద నిలబడదు, ముందుకి పడుతుంది. అప్పుడు బొమ్మల కొలువులా మెట్లు కట్టేద్దాం. మెట్టుకి 5 సెం.మీ. లోతు, ఒక్కో మెట్టూ ముందుదాని కన్నా 4 సెం.మీ. ఎత్తు, మూడు మెట్లు చాలు. అప్పుడు లెక్కంతా మారిపోతుంది, అందుకే ఓనరు మాట తెలియకుండా పట్టీలు కోయించొద్దు.

సీసాల కొలతలు రాసిన కాగితం ఫోటో తీసి రేపు పంపండి. అడ్డ పలకల పొడుగు నేను ఇంకోసారి లెక్క చూసి చెబుతాను.

మీ అమ్మమ్మ