పందుల టీకా: రక్తపరీక్షకు అందని రక్షణ

దక్షిణ తెలంగాణ పట్టణాల శివార్లలో పందులు వరుసగా చనిపోయినప్పుడల్లా పాత వాదనే మళ్లీ మొదలవుతుంది. పంది జ్వరం (స్వైన్ ఫీవర్) టీకా వేశామని, రక్తంలో యాంటీబాడీలు కూడా కనిపించాయని పశువైద్యుల వైపు నుంచి క్లుప్తంగా సమాధానం వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పందుల పెంపకం మీద బతికే ఎరుకల కుటుంబాలు చెప్పేది వేరు. హోటళ్ల ఎంగిలి తెచ్చి తొట్టిలో పోస్తే పంది మూతి పెట్టదు, చెవులూ పొట్టా ఎర్రబారతాయి, నడక తూలుతుంది, సూది పడినదీ పడనిదీ అన్న తేడా లేకుండా చనిపోతుంది. 2021లో మనుషులకు కోవిడ్ రాకుండా జైకోవ్-డి అనే డీఎన్‌ఏ టీకాను, అంటే వైరస్‌ను కాక దాని జన్యువును శరీరంలోకి ఎక్కించే టీకాను, అనుమతించిన దేశంలో పందులకు అలాంటిది ఎందుకు లేదన్నది ఇప్పుడు వారి ప్రశ్న.

ఇక్కడ రోగాలు రెండు. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు 1964 నుంచీ కుందేళ్లలో పెంచిన వైరస్‌తో చేసిన టీకా వాడుకలో ఉంది. 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు దానితో ఏ చుట్టరికమూ లేదు; పైకి లక్షణాలు ఒకటే గానీ ఆ టీకా దీన్ని ఆపదు. ఆ మేరకు పెంపకందారుల అనుభవాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు.

అసలు మలుపు 2012లో స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితంలో ఉంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్‌లోని మూడు ప్రోటీన్ల జన్యువులను ఒక ప్లాస్మిడ్‌లో, అంటే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ముక్కలో, కూర్చి పందులకు ఎక్కిస్తే యాంటీబాడీలు దండిగా పుట్టాయి, రోగనిరోధక కణాల స్పందన కూడా బాగా పెరిగింది. అయినా ప్రాణాంతక వైరస్ ఎక్కించినప్పుడు ఆ పందులకు రక్షణ దక్కలేదు. తర్వాత అవే ప్రోటీన్లకు యుబిక్విటిన్‌ను, అంటే కణం తాను ముక్కలు చేయదలచిన ప్రోటీన్‌కు తగిలించే గుర్తును, జోడించారు. ఈసారి యాంటీబాడీల జాడే లేదు, కానీ కొన్ని పందులు బతికాయి. బతికినవాటిలో వైరస్ ఎక్కించిన కొద్ది రోజులకే సీడీ8 టీ కణాలు, అంటే వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల కణాలు, పెరిగాయి. క్లాసికల్ స్వైన్ ఫీవర్ విషయంలోనూ, ముందుగా యాంటీబాడీలు పుట్టకపోయినా డీఎన్‌ఏ టీకా పందులను కాపాడిందని 2005లోనే తేలింది.

టీకా పనిచేసిందనడానికి యాంటీబాడీలనే రుజువుగా చూపడం ఈ ఫలితాల ముందు నిలవదు. బతికినవి కొన్నే కాబట్టి, 150కి పైగా జన్యువులున్న ఈ వైరస్‌కు డీఎన్‌ఏ టీకా సిద్ధంగా ఉందని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా నిలవదు. ఎలుకలో బాగా పనిచేసిన ప్లాస్మిడ్ పందిలో అంతగా పనిచేయకపోవడం మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది. జైకోవ్-డి లాగా 28 రోజుల ఎడంతో మూడు డోసులు వేయాలంటే, వీధుల్లో తిరిగే పందిని మూడోసారి పట్టుకోవడం ఎవరి తరం? వియత్నాం 2022లో అనుమతించింది కూడా డీఎన్‌ఏ టీకాను కాదు, జన్యువు తొలగించి బలహీనపరిచిన సజీవ వైరస్‌ను. టీకా వేసిన పందులు కొన్ని చనిపోవడంతో దానినీ కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది.

యాంటీబాడీలు చూడటానికి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, చాలు, ఐసులో పెట్టి పంపవచ్చు. టీ కణాల స్పందన కొలవాలంటే రక్తంలోని తెల్ల కణాలు సజీవంగా ప్రయోగశాలకు చేరాలి; దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో నమూనా పంపేటప్పుడు ఆ ఏర్పాటు గురించి ఎవరూ అడగడం లేదు.