రిటైరయ్యాక తెరచాప పడవ కొనాలంటే: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్ళు ఓడల్లో ఇంజినీరుగా చేశాను. ఇప్పుడు గోవా, కొచ్చి వైపు అమ్మకానికొచ్చే తెరచాప పడవల్ని కొనేవాళ్ళ తరఫున పరీక్షించి చెబుతుంటాను. ఇల్లు బరంపురంలో. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఓడల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు కొందరు నా దగ్గరికి వస్తారు. "పిల్లలు స్థిరపడ్డారు. నేనూ మా ఆవిడా సొంత పడవలో కొన్నాళ్ళు తిరగాలి" అంటారు. ఆ కోరికంటే నాకు చాలా ఇష్టం. అందుకే వాళ్ళు తప్పు పడవ కొని, రెండేళ్ళకే నష్టానికి అమ్ముకుంటే బాధేస్తుంది.

అపోహ: పడవ ఎంత పెద్దదైతే అంత భద్రం, అంత వేగం.

వాస్తవం: పెద్ద పడవ అలల్లో తక్కువ ఊగుతుంది, అది నిజం. కానీ పొడవు ఒకటిన్నర రెట్లయితే బరువు మూడు రెట్లు దాటుతుంది. తెరచాప, తాళ్ళు, లంగరు అన్నీ దానికి తగ్గట్టే బరువెక్కుతాయి. వేగం మాత్రం అంత పెరగదు. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవున్న పడవ గరిష్ఠ వేగం సుమారు 6.7 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కి.మీ.), 36 అడుగులున్నదానికి 8. అంతే తేడా. 1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టిన ‘సుహైలి’ 32 అడుగులదే. ముంబయిలో టేకుతో కట్టారు దాన్ని. జీన్ సోక్రటీస్ కూడా అలాగే ఒంటరిగా చుట్టి 2019లో తీరం చేరినప్పుడు ఆవిడ వయసు 77. పడవ 38 అడుగులది.

పడవ చూడ్డానికి దంపతులిద్దరూ రావాలంటాను. ఆయన్ని ఓ పక్కన కూర్చోబెట్టి, తెరచాప దించి, ఇంజను వేసి పడవని ఒడ్డుకి తెమ్మని ఆవిడకే చెబుతాను. సోంపేట దంపతులొకరు 44 అడుగుల పడవ మీద మనసుపడ్డారు. గాలి పట్టిన తెరచాప తాడుని ఆవిడ వించితో (తాడు చుట్టి లాగే చక్రం) లాగలేకపోయారు. "సముద్రం మధ్యలో ఈయనకి గుండెనొప్పి వస్తే నేనేం చెయ్యాలి అన్నయ్యా?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నాక ఆయన 33 అడుగులది తీసుకున్నారు.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఆ స్టీల్‌ని కాపాడే పల్చటి పొర నిలవాలంటే గాలిలోని ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. తెరచాప కొయ్యని నిలబెట్టే తీగల్ని పడవకి బిగించే పట్టీలు డెక్‌లోంచి కిందికి దిగుతాయి. ఆ సందులో ఉప్పునీరు నిలిస్తే ఆక్సిజన్ అందదు, పొర పోయి లోహానికి గుంటలు పడతాయి. పైభాగం మాత్రం మెరుస్తూనే ఉంటుంది. "అన్నీ కొత్తవే" అని అమ్మే ఆయన భరోసా ఇచ్చిన పడవలో ఒక పట్టీ విప్పించి చూశాను. సగం మందం తినేసి ఉంది. అది తెగితే కొయ్య కూలుతుంది. తీగల్ని మామూలుగా 10-15 ఏళ్ళకోసారి మార్చాలి. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి.

అపోహ: కాటమరాన్ (పక్కపక్కన రెండు పడవల్ని కలిపినట్టుండేది) తిరగబడదు.

వాస్తవం: తిరగబడడం అరుదు. కానీ ఒకసారి బోర్లాపడితే తనంతట తాను లేవదు. అడుగున బరువైన కీల్ (నీళ్ళలోకి దిగే రెక్కలాంటి భాగం) ఉన్న ఒంటి పడవ మామూలుగా లేస్తుంది. కాటమరాన్ ఒరగకుండా సాగుతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళకి హాయి. వెడల్పు ఎక్కువ కాబట్టి మెరీనాల్లో (పడవలు కట్టి ఉంచే రేవుల్లో) చాలాచోట్ల అద్దె కూడా ఎక్కువే.

అపోహ: బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్‌లోనే ఉంచుకుంటే రోజూ చూసుకోవచ్చు.

వాస్తవం: ఇది చెప్పినప్పుడు అందరి ముఖం చిన్నబోతుంది. నాకూ కష్టంగానే ఉంటుంది. మన జాలర్ల పడవల్ని ఇసుక మీదికి లాగేయొచ్చు. కీల్ ఉన్న పడవకి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతు నీళ్ళు కావాలి, అలలు విరగని చోటు కావాలి. గోపాల్‌పూర్ తీరంలో అలలకి అడ్డేమీ ఉండదు. చిలిక సరస్సులో చాలా భాగం అంత లోతే ఉండదు. పైగా మనకి అక్టోబరు అంటే తుపాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర. రెండూ అక్టోబరులోనే. అందుకే పడవని కొచ్చిలో, బోల్గట్టి మెరీనా లాంటి చోట ఉంచమంటాను. ముందు అక్కడ చోటు, అద్దె మాట్లాడుకోండి, ఆ తర్వాతే పడవకి అడ్వాన్స్ ఇవ్వండి. పడవని నీళ్ళలోంచి పైకెత్తించి అడుగు చూడనివ్వకపోతే ఆ అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.