ఓర్వకల్లు చిప్‌ల వెనుక యాభై ఏళ్ల పోటీ

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలోని ఓర్వకల్లులో 14,000 కోట్ల రూపాయలతో అధిక విద్యుత్‌ను తట్టుకునే సిలికాన్ కార్బైడ్ చిప్‌ల కర్మాగారం పెట్టేందుకు ఇండిచిప్ సంస్థ, దాని జపాన్ భాగస్వామి ముందుకు వచ్చిన నాటి నుంచి ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అన్నదే చర్చగా ఉంది. అసలు ఒక ప్రభుత్వం చిప్‌ల కోసం ఖజానా ఎందుకు విప్పాలన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే 1976కు వెళ్లాలి.

ఆ ఏడాది జపాన్ ప్రభుత్వం ఒకదానికొకటి పోటీపడే ఐదు కంపెనీలను కూర్చోబెట్టి ఉమ్మడి పరిశోధన మొదలుపెట్టించింది. పదేళ్లు తిరిగేసరికి మెమరీ చిప్‌లలో అమెరికా వెనకబడింది. 1986లో జపాన్‌తో పట్టుబట్టి చిప్‌ల వాణిజ్య ఒప్పందం చేయించుకుంది. స్వేచ్ఛా విపణి గురించి ఇతరులకు పాఠాలు చెప్పే దేశమే ఆ పని చేసిందన్నది గమనార్హం.

తైవాన్ దారి వేరు. అదే 1976లో ఆర్‌సీఏ అనే అమెరికన్ కంపెనీ నుంచి అప్పటికే పాతబడుతున్న పరిజ్ఞానాన్ని కొని, తన యువ ఇంజనీర్లను అక్కడికి శిక్షణకు పంపింది. వాళ్లు తిరిగొచ్చి మొదట చేసినవి చేతి గడియారాల చిప్‌లు. 1987లో ఇతర కంపెనీల కోసం చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎంసీ పుట్టినప్పుడు అందులో దాదాపు సగం పెట్టుబడి ప్రభుత్వానిదే అయినా, అంతకు ముందు పదేళ్లు మనుషుల మీద పెట్టిన ఖర్చే దాన్ని నిలబెట్టిందని చెప్పాలి.

మన దేశమూ ఆలస్యంగా మేల్కొనలేదు. మొహాలీలోని ప్రభుత్వ సంస్థ 1984లోనే చిప్‌ల ఉత్పత్తి ప్రారంభించింది. 1989 అగ్నిప్రమాదంలో అది కాలిపోయాక మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పట్టింది, ఆలోగా ప్రపంచం ముందుకు సాగిపోయింది. కోరిన స్థాయి సూపర్ కంప్యూటర్‌ను అమెరికా ఇవ్వనన్నప్పుడు మాత్రం 1988లో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ ఏర్పడి, 1991 నాటికి మన సొంత సూపర్ కంప్యూటర్ పరమ్ తయారైంది.

2021లో చిప్‌ల కొరత రాయలసీమ గడప కూడా తొక్కింది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్ల కోసం కొనుగోలుదారులు నెలల తరబడి వేచి ఉన్నారు. ఆ డిసెంబరులోనే కేంద్రం 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకాన్ని ప్రకటించింది. మరుసటి ఏడాది అమెరికా ఒక చేత్తో సొంత కర్మాగారాలకు భారీ రాయితీలు ఇస్తూ, మరో చేత్తో చైనాకు అత్యాధునిక చిప్‌లు, వాటిని చేసే యంత్రాలు అందకుండా ఆంక్షలు విధించింది. చైనా 2023లో చిప్‌ల తయారీకి వాడే గాలియం, జెర్మేనియం లోహాల ఎగుమతులకు పగ్గం వేసి బదులిచ్చింది.

2025 ఆగస్టులో కేంద్ర పథకం కింద సిలికాన్ కార్బైడ్ ఫ్యాబ్‌కు (చిప్‌ల కర్మాగారానికి) ఆమోదం దక్కింది ఒడిశాకు. ఆంధ్రప్రదేశ్‌కు అదే రోజున, తయారైన చిప్‌లకు తొడుగు వేసి వాడకానికి సిద్ధం చేసే ప్యాకేజింగ్ యూనిట్ వచ్చింది. ఆమోదం పొందిన ప్రాజెక్టుకు కేంద్రం వ్యయంలో సగం దాకా భరిస్తుంది కాబట్టి, ఓర్వకల్లు విషయంలో రాష్ట్రం మొదట తేల్చుకోవాల్సింది ఆ వాటా సంగతే. దానితో పాటు, కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీడీఎం విద్యార్థులకు, అనంతపురం జేఎన్‌టీయూ విద్యార్థులకు ఆ జపాన్ భాగస్వామి దగ్గర శిక్షణ కల్పించాలన్న షరతును భూమి ఒప్పందంలోనే రాయించుకోవడం భూమి అప్పగించక ముందే సాధ్యం.