మన్యం నుంచి విశాఖ దాకా: మత్తు నడిచిన దారి

విశాఖలో మత్తు మాట ఎత్తితే ముందు ఏజెన్సీ గంజాయి గుర్తొస్తుంది. చరిత్ర మాత్రం కల్లు దగ్గరే మొదలవుతుంది. మన్యంలో కల్లు కొండవాళ్ల ఇంటి వాడకం. బ్రిటిష్ సర్కారు గీత హక్కును కాంట్రాక్టర్లకు కట్టబెట్టి, ఇంట్లో తాగే కల్లుకూ పన్ను అడిగింది. 1879 రంప తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ తిరుగుబాటు అప్పటి విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకూ పాకింది. మత్తును ఖజానా రాబడిగా చూసే అలవాటు నేటికీ పోలేదు.

తర్వాత సారా వేలం పాటలు, 1980ల్లో ప్యాకెట్ సారా వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో నిషేధం సడలింది. ఆడవాళ్లు అడిగింది న్యాయమే. కానీ అంగడి మూసినంత తేలికగా, అలవాటు పడ్డ ఒంటిని దారికి తేలేం. నల్లబెల్లం, నవసారం ఊరబెట్టి కాచే నాటుసారాకు గిరాకీ ఎప్పుడూ తగ్గింది లేదు. దాని ఘాటు ఎంతో కాచినవాడికే తెలియదు. అందులో పారిశ్రామిక స్పిరిట్ కలిపితే, దానిలో ఉండే మిథనాల్ అనే విషం ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటిచూపు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

అందుకే ఇంట్లోవాళ్లకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకూడదు. ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, వినబడటం, జ్వరం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే ప్రాణాపాయమే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మెదడును నెమ్మదింపజేసే మందులు మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తారు. తాగుడుతో తిండి మానినవాళ్లలో బి1 విటమిన్ అడుగంటుతుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే సెలైన్‌లో గ్లూకోజ్.

గంజాయి కథ వేరు. 1985 నవంబరులో మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చాక కూడా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో సాగు పెరిగింది. శీలావతి అనే గంజాయి రకానికి బయటి వ్యాపారులు ముందే పెట్టుబడి ఇస్తారు. పంట ఆరు నెలల్లోపే చేతికొస్తుంది. దానికి బదులు కాఫీ వేస్తే, మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ మధ్యకాలం రైతు ఎలా బతకాలన్న ప్రశ్నకు జవాబు లేకుండా మొక్కలు నరికితే, సాగు గట్టు దాటి అవతలి కొండకు పోతుంది. 2021 చివర్లో పోలీసుల 'ఆపరేషన్ పరివర్తన' ఏడు వేలకు పైగా ఎకరాల్లో తోటలు నరికించింది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయి కాల్చేశారు. చట్టం లెక్కలో 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. కూలికి మూట మోసిన గిరిజన కుర్రాడికీ అంతే. బెయిలూ కష్టమే.

నగరంలో గంజాయి తాగేది ఎక్కువగా కుర్రకారు. పదిహేనూ ఇరవై ఏళ్ల మధ్య మెదడు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. రోజూ తాగితే జ్ఞాపకశక్తి తగ్గుతుంది, కొందరిలో అనుమానాలు, భ్రమలు మొదలవుతాయి. గంజాయిలోని మత్తు పదార్థం ఒంట్లోని కొవ్వులో నిలిచిపోతుంది కాబట్టి, రోజూ తాగేవాడు మానేసినా వారాల తరబడి మూత్ర పరీక్షలో దొరుకుతుంది.

సలహా కోసం 14446కు ఫోన్ చేయవచ్చు. విశాఖవాళ్లకు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పోలీసు కేసు భయంతో తల్లిదండ్రులు ఆగిపోతుంటారు. వాడకం నేరం మీద గానీ, గంజాయి అయితే కిలో లోపు దొరికిన కేసులో గానీ, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ వెనక్కి పోవచ్చు.