ప్యాట్రోల్, అకేలా, సోపాన్: స్కౌటు మాటల వెనుక చరిత్ర

పిల్లల్ని కొత్తగా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో చేర్పించిన ఇళ్లలో మొదటి చిక్కు మాటల దగ్గరే వస్తుంది. ప్యాట్రోల్, ట్రూప్, కోర్ట్ ఆఫ్ ఆనర్ అన్నవి ఇంగ్లిష్. ప్రవేశ్, ప్రథమ సోపాన్, రాజ్య పురస్కార్ అన్నవి హిందీ. ఇంట్లో చిన్నవాడుంటే అకేలా, ప్యాక్ అంటూ అడవి మాటలు కూడా వస్తాయి. ఇవన్నీ ఒకే డైరీలో చేరడానికి కారణం ఉంది. ఈ ఉద్యమానికి పునాది దక్షిణాఫ్రికాలోని ఒక యుద్ధకాలంలో పడింది, దాని పిల్లల విభాగం ఒక కథల పుస్తకం నుంచి పుట్టింది, మన దేశంలో అది స్వాతంత్ర్యోద్యమం మధ్య పెరిగింది. ఏ మాట ఏ దశలో వచ్చిందో తెలిస్తే, దాని ద్వారా పిల్లల నుంచి ఏం ఆశిస్తున్నారో కూడా తెలుస్తుంది.

స్కౌట్ అంటే సైన్యానికి ముందు నడిచి దారి, నీరు, శత్రువు జాడ తెలుసుకుని వచ్చేవాడు. బ్రిటిష్ సైన్యాధికారి రాబర్ట్ బేడెన్-పావెల్ ఈ పనిలో సైనికులకు తర్ఫీదు ఇచ్చేవాడు. 1899-1900లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణాన్ని బోయర్లు (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివాళ్లు) 217 రోజులు ముట్టడించినప్పుడు అక్కడి కుర్రాళ్లు వార్తలు మోయడం, కాపలా కాయడం వంటి పనులు బాధ్యతగా చేశారు. బాధ్యత అప్పగిస్తే పిల్లలు నిలబెడతారన్న నమ్మకం ఆయనకు అక్కడ కుదిరింది. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో ప్రయోగంగా ఒక శిబిరం పెట్టాడు. సంపన్నుల బడుల పిల్లల్నీ, కూలీల పిల్లల్నీ కలిపి నాలుగు జట్లు చేశాడు. వాటి పేర్లు తోడేళ్లు, ఎద్దులు, కర్లూలు, రావెన్‌లు (చివరి రెండూ పక్షులు). ఆ జట్లే ప్యాట్రోళ్లు. 1908లో ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ భాగాలుగా వెలువడగానే ఎవరూ పిలవకుండానే ఊరూరా పిల్లలు జట్లు కట్టారు. అంటే ట్రూపుల కంటే ముందు ప్యాట్రోళ్లే పుట్టాయి. ఈ వరుస గుర్తుంచుకోవాలి.

మన దగ్గర ఒక ప్యాట్రోల్‌లో 6 నుంచి 8 మంది ఉంటారు. అలాంటి ప్యాట్రోళ్లు కలిస్తే అబ్బాయిలకు ట్రూప్, అమ్మాయిలకు కంపెనీ అవుతుంది. యూనిట్‌లో గరిష్ఠంగా 32 మందే. ప్రతి ప్యాట్రోల్‌కూ పిల్లల్లోంచే ఒక ప్యాట్రోల్ లీడరు, అతనికి తోడుగా సెకండ్ ఉంటారు. ఈ లీడర్లు స్కౌట్ మాస్టరుతో కూర్చుని కార్యక్రమం, క్రమశిక్షణ, డబ్బు ఖర్చు నిర్ణయించే సభే కోర్ట్ ఆఫ్ ఆనర్. పేరులో కోర్టు ఉంది గదా అని శిక్షలు వేసే చోటు అనుకోనక్కర్లేదు. వచ్చే నెల హైక్ ఎక్కడికి, టెంటు చిరిగితే ఎవరు కుట్టించాలి, కొత్తవాడు ఏ ప్యాట్రోల్‌లో చేరాలి అన్నవే అక్కడి విషయాలు. నిర్ణయాలు మినిట్స్ పుస్తకంలో రాస్తారు.

స్కౌటింగ్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. మన బడుల్లో ఎక్కువగా చెడేదీ ఇక్కడే. 60 మందిని ఒకే వరుసలో నిలబెట్టి, పి.ఇ.టి. మాస్టారి విజిల్‌కు మార్చ్ చేయించి, ఆగస్టు 15న ముందు వరుసలో నడిపిస్తే అది డ్రిల్లు మాత్రమే. యూనిట్ సరిగా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి. నీ ప్యాట్రోల్ పేరేంటి? లీడరు ఎవరు? పోయినసారి కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో ఏం అనుకున్నారు? నాలుగైదు నెలలైనా మూడింటికీ జవాబు లేకపోతే యూనిట్ లీడరుతో మర్యాదగా మాట్లాడటం తల్లిదండ్రుల హక్కు. లీడరు మంచివారైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

అమ్మాయిల సంగతి. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జరిగిన ర్యాలీకి కొందరు అమ్మాయిలు తమంతట తామే స్కౌట్ల వేషంలో వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడాది, 1910లో, వాళ్లకోసం గర్ల్ గైడ్స్ ఏర్పడింది. మొదట్లో దాన్ని నడిపింది బేడెన్-పావెల్ చెల్లెలు ఆగ్నెస్. గైడ్స్ అన్న పేరు మన ఉపఖండానిదే. వాయవ్య సరిహద్దులో దారి తెలిసిన సైనిక దళంగా పేరుపొందిన కోర్ ఆఫ్ గైడ్స్ నుంచి దాన్ని తీసుకున్నారు. కాబట్టి గైడ్ అంటే స్కౌట్‌కు సహాయకురాలు కాదు. సిలబస్, పురస్కారాలు, అర్హతలు ఇద్దరికీ సమానం.

తమ్ముళ్లు కూడా వస్తామని గొడవ చేయడంతో 1916లో వోల్ఫ్ కబ్స్ మొదలైంది. ఆ వయసు పిల్లలకు సైన్యం పోలిక నప్పదని బేడెన్-పావెల్ రడ్యార్డ్ కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ను రచయిత అనుమతితో వాడుకున్నాడు. అకేలా ఆ కథలో తోడేళ్ల గుంపుకు నాయకుడు, ఇక్కడ కబ్ మాస్టరు. గుంపు ప్యాక్ అయింది. ఆరుగురి జట్టు సిక్స్, దాని నాయకుడు సిక్సర్. క్రికెట్ సిక్సర్‌తో దీనికి సంబంధం లేదు. ప్యాక్‌లో గరిష్ఠంగా 24 మంది. అందరూ వృత్తంగా కూర్చుని అకేలాకు ఒక్క గొంతుతో పలికే స్వాగతం గ్రాండ్ హౌల్. అదే వయసు అమ్మాయిలు మన దేశంలో బుల్‌బుల్‌లు, వాళ్ల సమూహం ఫ్లాక్. కబ్‌లు, బుల్‌బుల్‌లు సుమారు 5 నుంచి 10 ఏళ్ల వాళ్లు. స్కౌట్లు, గైడ్లు 10 నుంచి 17. ఇంకాస్త పెద్దయ్యాక పాతికేళ్ల వరకు అబ్బాయిలు రోవర్లు, అమ్మాయిలు రేంజర్లు. రోవర్ల సమూహాన్ని క్రూ అనీ, రేంజర్లదాన్ని టీమ్ అనీ అంటారు. కబ్‌ల వయసు కూడా రాని పిల్లలకు బన్నీ విభాగం ఉంది.

ఇక హిందీ మాటలు ఎలా వచ్చాయో చూద్దాం. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దేశంలో మొదటి ట్రూప్ 1909లో బెంగళూరులో కెప్టెన్ టి.హెచ్. బేకర్ స్థాపించాడు. 1911లో జబల్‌పూర్‌లో మొదటి గైడ్ కంపెనీ వచ్చింది. రెంటిలోనూ యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకే చోటు. భారతీయ పిల్లలు స్కౌట్లయితే రేపు ప్రభుత్వానికే ఎదురు తిరుగుతారన్న భయం అధికారుల్లో ఉండేది. ఆ తలుపు మూసి ఉండటం వల్లే మనవాళ్లు సొంత సంస్థలు పెట్టుకున్నారు. 1916లో అనీ బిసెంట్, జి.ఎస్. అరండేల్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ మొదలుపెట్టారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ కలిసి అలహాబాద్ కేంద్రంగా సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. కుంభమేళాల్లో యాత్రికులకు సేవ చేయడం సేవా సమితి సంప్రదాయం. మేళాలు, పుష్కరాల ఘాట్ల దగ్గర నేడు స్కౌట్లు కనబడటం ఆ వరుసలోదే.

1921లో బేడెన్-పావెల్ వచ్చినప్పుడు అనీ బిసెంట్ సంస్థ అధికారిక సంస్థలో కలిసింది. సేవా సమితి కలవలేదు. 1937లో ఢిల్లీ జంబోరీకి వచ్చి వెళ్లాక భారతీయుల శీలం గురించి ఆయన చేసిన వ్యాఖ్యలు చాలామందిని గాయపరిచాయి. ఫలితంగా 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ విడిగా ఏర్పడింది. ఉద్యమాన్ని స్థాపించిన మనిషి మాటే ఇక్కడ దాన్ని రెండుగా చీల్చింది. ఈ విషయాన్ని దాచకుండా పిల్లలకు చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ, మౌలానా ఆజాద్, మంగళ్‌దాస్ పక్వాసా, కుంజ్రూ తదితరుల చొరవతో 1950 నవంబరు 7న రెండూ ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ కూడా చేరింది. పతాకంలోని చిహ్నంలో స్కౌట్ల లిల్లీ పువ్వు, గైడ్ల మూడు రేకుల ఆకు, అశోక చక్రం కలిసి ఉండటం ఆ విలీనానికి గుర్తు. ఏటా నవంబరు 7న జెండా దినోత్సవం జరుగుతుంది. ఆ సందర్భంలో పిల్లలు స్టిక్కర్లు తెచ్చి విరాళం అడిగేది సంస్థ నిధికోసమే.

దశల పేర్లు సంస్కృతం, హిందీ కలిసిన రూపంలో ఉండటానికీ ఈ చరిత్రే నేపథ్యం. స్కౌట్, గైడ్ వరుస ఇది: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి. కబ్‌లకు చరణ్‌లు, బుల్‌బుల్‌లకు పంఖ్‌లు, ఇద్దరికీ చివరిది గోల్డెన్ ఆరో. రోవర్, రేంజర్లకు ప్రవేశ్ తర్వాత ప్రవీణ్, నిపుణ్, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి. ఒక్కో దశకు కనీసం ఇన్ని నెలలు పనిచేయాలన్న నియమం ఉంది, పై వయసుకూ హద్దు ఉంది. ఎనిమిదో తరగతి చివర చేరి రాష్ట్రపతి పురస్కారం కావాలంటే నెలలు చాలవు. చేరిన రోజే ఏ దశ ఏ తరగతిలో ముగించాలో వెనక నుంచి లెక్కవేసి డైరీలో రాయించుకోండి. ప్రతి దశ పూర్తయిన తేదీ, పరీక్షించినవారి సంతకం ఆ రోజే వేయించాలి. మూడేళ్ల తర్వాత రాజ్య పురస్కార్ పరీక్షా శిబిరంలో పాత తేదీలు అతకకపోతే బాగా నేర్చుకున్న పిల్లలు కూడా ఆగిపోతారు.

ప్రవేశ్‌లో నేర్చేవి ప్రతిజ్ఞ, నియమం, నినాదం, సెల్యూట్, ఎడమచేతి కరచాలనం, ప్రార్థన, జెండా గీతం. ప్రతిజ్ఞలో ఈశ్వర్ అనైనా ధర్మ అనైనా పలకవచ్చు. అది కుటుంబం ఇష్టం. నియమంలో ఇప్పుడు తొమ్మిది అంశాలున్నాయి. సెల్యూట్‌లోని మూడు వేళ్లు ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తు. నినాదం కబ్, బుల్‌బుల్‌లకు ‘కోషిష్ కరో’, స్కౌట్, గైడ్లకు ‘తయ్యార్’, రోవర్, రేంజర్లకు ‘సేవా’. ఎడమ చెయ్యి ఎందుకంటే, డాలు పట్టే చెయ్యి అదే గనుక డాలు దించి చెయ్యి చాపడం నమ్మకానికి గుర్తని పశ్చిమాఫ్రికాలోని అశాంతి వీరుల నుంచి వచ్చిన కథ చెబుతారు. ప్రార్థనకు 90 సెకన్లు, జెండా గీతానికి 45 సెకన్లు కొలత. రెండూ హిందీలోనే ఉంటాయి. మన పిల్లలు వాటిని విని పట్టేస్తారు, అందుకే పదాలు విరిగిపోతాయి. తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం రాసిస్తే వారంలో సరవుతాయి.

సోపాన్‌లలో ఎక్కువ సాధన కావలసినవి ముడులు. రీఫ్ నాట్ కట్టు కట్టడానికి, ఎందుకంటే ఒంటికి చదునుగా ఆనుతుంది. కుడి కొన ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొన కుడి మీదుగా వేయాలి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే గ్రానీ నాట్ పడుతుంది. అది లాగితే జారుతుంది, లేదా విప్పలేనంతగా బిగుస్తుంది. లావు తాడుకు సన్న తాడు కలపడానికి షీట్ బెండ్. మనిషిని దించాలన్నా ఎత్తాలన్నా బిగుసుకోని ఉచ్చు బోలైన్. కర్రకు తాడు మొదలుపెట్టడానికి క్లోవ్ హిచ్, అదే తర్వాత రెండు కర్రలను అడ్డంగా కట్టే స్క్వేర్ ల్యాషింగ్‌కు ఆరంభం. ఆ కట్టులో ఎక్కువ మంది చేసే తప్పు ఫ్రాపింగ్ వదులుగా వేయడం. అంటే కర్రల మధ్య తాడును అడ్డంగా చుట్టి బిగించే చివరి చుట్లు. అవి సరిగా పడకపోతే గ్యాడ్జెట్, అంటే కర్రలతో కట్టిన బల్లో చెప్పుల స్టాండో, రాత్రికే ఒరిగిపోతుంది. సాధనకు నైలాన్ తాడు వద్దు, జారుతుంది. రెండున్నర, మూడు మీటర్ల నూలు తాడు ఒకటి ఇంట్లో ఉంచి, కొసలు విడిపోకుండా దారంతో చుట్టించండి. ఆ చుట్టడాన్నే విప్పింగ్ అంటారు, అదీ సిలబస్‌లోదే.

యూనిఫాం యూనిట్ లీడరును అడగకుండా కొనకండి. స్కార్ఫ్ రంగు గ్రూపును బట్టి ఉంటుంది. ఆకారం త్రికోణం, రెండు భుజాలు పిల్లల ఎత్తును బట్టి 70 నుంచి 80 సెంటీమీటర్లు. దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచేది వోగుల్. తోలు పట్టీ అల్లిన గిల్వెల్ వోగుల్ శిక్షణ పొందిన పెద్దలది, దుకాణంలో అమ్మినా పిల్లలకు పనికిరాదు. గిల్వెల్ లండన్ దగ్గరి శిక్షణ కేంద్రం. 1919లో అక్కడ మొదలైన వుడ్ బ్యాడ్జ్ మన దేశంలో హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అయింది. లీడరు పేరు పక్కన హెచ్.డబ్ల్యూ.బి. అని కనిపిస్తే, బేసిక్, అడ్వాన్స్డ్ కోర్సులు దాటి ఆ అర్హత పొందారని అర్థం. మెడలో రెండు చెక్క పూసలుంటాయి. మూడు, నాలుగు పూసలుంటే వాళ్లు లీడర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు. మన జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది.

జంబోరీ అంటే భారీ సమ్మేళనం. ప్రపంచంలో మొదటిది 1920లో లండన్ ఒలింపియాలో జరిగింది. విలీనం తర్వాత మన మొదటి జాతీయ జంబోరీకి 1953లో ఆతిథ్యమిచ్చింది హైదరాబాద్. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం బాధాకరం. జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో జరిగేవి ర్యాలీలు, క్యాంపోరీలు. ఫిబ్రవరి 22 థింకింగ్ డే, బేడెన్-పావెల్ దంపతులిద్దరి పుట్టినరోజు.

సర్టిఫికెట్ల గురించి ఒక జాగ్రత్త. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశాల ప్రత్యేక కేటగిరీల్లోనూ ఈ పేరు కనిపిస్తుంది. కానీ ఏ స్థాయి పురస్కారం చెల్లుతుందో ఆ ఏటి నోటిఫికేషన్ చూసే నిర్ణయించుకోవాలి. పేర్లు దగ్గరగా ఉన్న వేరే సంస్థలూ దేశంలో పనిచేస్తున్నాయి. కాబట్టి రుసుము కట్టేముందు బడి ఏ సంస్థలో నమోదైందో, గ్రూపు చార్టర్ నంబరు ఎంతో, ఈ ఏడాది రెన్యువల్ అయిందో లేదో అడగండి. అనుమానముంటే జిల్లా కార్యదర్శి దగ్గర సరిచూసుకోవచ్చు. రెన్యువల్ తప్పిన ఏడాది చేసిన పని పురస్కారాల లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. పిల్లల పేరు, పుట్టిన తేదీ బడి రికార్డులో ఉన్నట్టే నమోదు పత్రంలోనూ ఉండాలి. ఇంటిపేరు ముందు రాశారా వెనుక రాశారా అన్న తేడా కూడా తర్వాత దిద్దించుకోవాల్సి వస్తుంది.